కొత్త కారు సర్వీసింగ్: బరంపురమా, శ్రీకాకుళమా, మన వీధి మిస్త్రీయా?

పర్లాకిమిడిలో కొత్త కారు కొన్నవాళ్లను మొదటి నెలంతా మైలేజీ ఎంత వస్తోందని అడుగుతారు. రెండో నెల నుంచి ప్రశ్న మారుతుంది: "సర్వీసింగ్ కంపెనీలో చేయిస్తున్నారా, బయట చేయిస్తున్నారా?" విశాఖలోనో భువనేశ్వర్‌లోనో ఉండేవారికి దీనికి రెండే జవాబులు. ఒడిశాలోని గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగువారికి లెక్క అంత తేలికగా తెగదు. మా పర్లాకిమిడిలో బండి నంబరు ఓడీ-20తో మొదలవుతుంది, దాన్ని అమ్మిన డీలరు బరంపురంలో ఉంటాడు, దగ్గరి కంపెనీ వర్క్‌షాపు శ్రీకాకుళంలో ఉంటుంది, నమ్మకమైన మిస్త్రీ వీధి చివర ఉంటాడు. ఏ పనికి, ఎప్పుడు, ఎవరి దగ్గరికి వెళ్లాలో తేల్చుకోలేక ఇబ్బంది పడేవారి కోసం, ఒకే చిన్న పెట్రోలు కారును దాదాపు మూడేళ్లుగా ఈ చోట్లన్నింటా చూపించిన అనుభవంతో ఇది రాస్తున్నాను.

ముందు చూసుకోవలసినవి

మొదటిది వారంటీ. మారుతీ సుజుకీ 2024 జూలై నుంచి తన కార్లకు మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు, ఏది ముందైతే అది, ప్రామాణిక వారంటీగా ఇస్తోంది. మిగతా పెద్ద కంపెనీలలోనూ మూడేళ్ల వారంటీయే ఎక్కువగా కనిపిస్తుంది. ఈ కాలంలో ఇంజిన్‌లోనో గేర్‌బాక్సులోనో తయారీలోపం బయటపడితే మరమ్మతు కంపెనీ ఖర్చు. అయితే సర్వీసింగ్ వేళకు జరిగిందని చూపించే బాధ్యత మనది. కిలోమీటర్లు తక్కువ తిరిగాయి కదా అని ఏడాది గడువు దాటించేవారు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. గడువు కిలోమీటర్లకూ ఉంటుంది, నెలలకూ ఉంటుంది. రెండింటిలో ముందుగా వచ్చేదే లెక్క.

బయట సర్వీసింగ్ చేయిస్తే వారంటీ మొత్తం పోతుందన్న మాట షోరూముల్లో తరచుగా వినిపిస్తుంది. దీన్ని కొంచెం వివరంగా చూడాలి. భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు కలిపి రూ. 2,544 కోట్లకు పైగా జరిమానా విధిస్తూ, బయటి మెకానిక్ చెయ్యి పడిందన్న ఒక్క కారణంతో వారంటీని గంపగుత్తగా రద్దు చేయడం తగదని, బయటివారి తప్పుడు పని వల్ల చెడిన మేరకే నిరాకరించవచ్చని చెప్పింది. ఆ ఉత్తర్వు తర్వాత అప్పీళ్లలోకి వెళ్లింది. కాబట్టి ఆ కాగితం జేబులో ఉంది కదా అని కంపెనీతో వాదనకు దిగడం ఒకటి, మన ఇంజిన్ బాగుపడటం ఇంకొకటి. న్యాయం మనవైపు ఉన్నా, బండి వాళ్ల షెడ్డులో నెలరోజులు నిలిచిపోతే నష్టం మనకే.

రెండోది చేయించవలసిన పని ఎలాంటిదన్నది. ఏటా జరిగే సర్వీసులో ఎక్కువ భాగం ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చడం, ఎయిర్ ఫిల్టర్, ఏసీ ఫిల్టర్ శుభ్రం చేయడమో మార్చడమో, బ్రేకులు విప్పి చూడటం, చక్రాల స్థానాలు మార్చి అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేయడం, కూలెంట్, బ్రేక్ ఆయిల్, బ్యాటరీ పరీక్షించడం. వీటికి పెద్ద యంత్రాంగం అక్కర్లేదు. సరైన ఆయిల్, సరైన ఫిల్టర్, శుభ్రమైన చెయ్యి ఉంటే చాలు. సాఫ్ట్‌వేర్ మార్పు, డ్యాష్‌బోర్డు మీద వెలిగిన హెచ్చరిక దీపానికి కారణం వెతకడం, ఎయిర్‌బ్యాగు, ఆటోమేటిక్ గేర్‌బాక్సు పనులు దీనికి పూర్తిగా వేరు. వాటికి కంపెనీ స్కానర్, కంపెనీ శిక్షణ కావాలి.

మన రోడ్ల సంగతి ఇక్కడే చెప్పాలి. యజమాని పుస్తకంలో దుమ్ము రోడ్లు, కొండ దారులు, చిన్న చిన్న దూరాలు తిరిగే బండ్లకు విడిగా ఒక పట్టిక ఉంటుంది. అందులో గడువులు తక్కువ. చాలామంది ఆ పేజీ తిప్పరు. ఆర్.ఉదయగిరి ఘాటీ ఎక్కి దిగే కారు, ఎర్రమట్టి రోడ్డు మీద రోజూ బడికి వెళ్లివచ్చే కారు ఆ పట్టిక కిందికే వస్తాయి. మొన్న కోతల తర్వాత మా కారు ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిస్తే మడతల్లో ఎర్రదుమ్ము ఒక పొరగా పేరుకుని ఉంది, దాని మీద వడ్ల ఊక అంటుకుని ఉంది. రోడ్డు మీద ధాన్యం ఎండబోసే కాలంలో ఆ ఫిల్టర్‌ను ఏడాదికోసారి చూస్తే సరిపోదు. అలాంటి పనికి డెబ్బై కిలోమీటర్లు పోవడమూ అర్థం లేనిది.

మూడోది రోజు ఖర్చు. బిల్లులో కనిపించని ఖర్చు ఇదే. వేరే ఊరు వెళ్లి, బండి అప్పగించి, సాయంత్రం దాకా వేచి, చీకటి పడ్డాక తిరిగి రావాలంటే ఒక రోజు సెలవు, భోజనం, లీటరు నూరు రూపాయలు దాటిన పెట్రోలు ఏడెనిమిది లీటర్లు పోతాయి. దుకాణం మూసుకుని వెళ్లే వ్యాపారికి ఆ రోజు బేరం కూడా పోతుంది. ఆంధ్ర వైపు వెళ్లేవారు ట్యాంకు మాత్రం ఇక్కడే నింపుకుని బయలుదేరాలని వేరే చెప్పనక్కర్లేదు. అక్కడ పెట్రోలు మీద వ్యాట్ ఎక్కువని పాతపట్నం నుంచి ఇటువైపు బంకులకు వచ్చే బండ్లే చెబుతాయి. సర్వీసింగ్ మీద అలాంటి తేడా లేదు. లేబరు మీద జీఎస్టీ రెండు రాష్ట్రాల్లోనూ 18 శాతమే, కాబట్టి "అటు పన్ను తక్కువ" అనే మాటను పట్టించుకోనక్కర్లేదు.

నాలుగోది మాట. ఇది చాలా పోలికల్లో కనిపించదు గానీ నా దృష్టిలో మిగతావాటికి ఏమాత్రం తీసిపోదు. ముందు చక్రం దగ్గర "కీచు"మంటోందా, "టకటక"మంటోందా, బ్రేకు నొక్కితే స్టీరింగు వణుకుతోందా, పెడలు వణుకుతోందా అన్నది సర్వీస్ అడ్వైజర్‌కు సరిగా చేరితేనే జాబ్ కార్డు (బండికి చేయవలసిన పనులు రాసుకునే కాగితం) మీద సరైన ఫిర్యాదు పడుతుంది. ఒడియా బాగా మాట్లాడేవారికి ఎక్కడైనా ఒకటే. ఇంట్లో తెలుగు, బజారులో అవసరానికి ఒడియా మాట్లాడుకునే మన పెద్దలు చాలామంది మాత్రం కౌంటరు ముందు "శబ్దం వస్తోంది" అని ఊరుకుంటారు. జాబ్ కార్డు మీద "నాయిస్ చెక్" అని రెండు ముక్కలు పడతాయి, సాయంత్రం "చూశాం, ఏమీ లేదు" అన్న జవాబు వస్తుంది.

అయిదోది కాగితం. ఎక్కడ చేయించినా తేదీ, కిలోమీటర్లు, ఆయిల్ పేరు, గ్రేడు, ఫిల్టర్ పార్టు నంబరు ఉన్న బిల్లు రావాలి. రేపు వారంటీ అడిగినా, బండి అమ్మినా, గొడవ పడినా చేతిలో నిలిచేది అదే.

కంపెనీ వర్క్‌షాపు: కొన్నచోటా, దగ్గరలోనా?

చాలామందిలో ఉన్న ఒక అపోహ వల్ల ఊరికే దూరాలు తిరుగుతున్నారు. బండి ఎక్కడ కొన్నారో ఉచిత సర్వీసులు అక్కడే చేయించాలన్న నియమం పెద్ద కంపెనీల్లో లేదు. దేశంలోని ఏ అధీకృత వర్క్‌షాపులోనైనా చేయించుకోవచ్చు, ఆ వివరాలు కంపెనీ కంప్యూటర్‌లో నమోదవుతాయి. ఒడిశా రిజిస్ట్రేషన్ బండిని ఆంధ్రలో చూపించడానికి అనుమతి కాగితం ఏదీ అక్కర్లేదు. ఇన్సూరెన్సు కూడా దేశమంతటా చెల్లుతుంది.

పర్లాకిమిడి నుంచి బరంపురం వెళ్లేవారిలో చాలామంది పలాస దగ్గర పదహారో నంబరు జాతీయ రహదారి ఎక్కి, ఇచ్ఛాపురం దాటి వెళతారు. అంటే మన రాష్ట్రంలోని వర్క్‌షాపుకు చేరడానికి సగం దారి పక్క రాష్ట్రంలోనే నడుస్తుంది. శ్రీకాకుళం దానికంటే బాగా దగ్గర. రాయగడ, గుణుపురం వారికి పార్వతీపురం, విజయనగరం వైపు చూడటం మేలు. కోరాపుట్, నవరంగపురం జిల్లాల వారికి జయపురంలోనే కంపెనీ సర్వీసు దొరుకుతుంది గనుక వారు సుంకి ఘాటీ దిగి సాలూరు మీదుగా మైదానానికి రావలసిన పని లేదు. మల్కనగిరి వారికి కూడా జయపురమే అందుబాటు.

కొన్నచోటికే వెళ్లడంలో ఒక లాభం లేకపోలేదు. డీలరుకు మన ముఖం తెలుసు, డబ్బు కట్టి పొడిగించుకునే ఎక్స్‌టెండెడ్ వారంటీ, రంగులో లోపం, యాక్సెసరీల గొడవ వంటివి అతనితోనే తేలాలి. అందుకని మొదటి సర్వీసును, అంటే కంపెనీని బట్టి నెలకో రెండు నెలలకో, వెయ్యి కిలోమీటర్లకో కొంచెం ఎక్కువకో వచ్చే ఆ తనిఖీని, కొన్నచోటనే చేయించడం మంచిదని నా సలహా. డెలివరీ రోజున కనపడని గీతలు, డోరు సందులు, కొత్తలో వచ్చే కిర్రుమనే చప్పుళ్లు అప్పుడే చెప్పుకోవాలి. తర్వాతివి దగ్గరలో చేయించుకోవచ్చు.

ఉచిత సర్వీసు అన్న మాటలో ఉచితమయ్యేది లేబరు మాత్రమే. ఆయిల్, ఫిల్టర్లు, అలైన్‌మెంట్ వంటివాటికి డబ్బు కట్టాలి. అసలు నొప్పి అక్కడ కూడా లేదు. బిల్లు కింది భాగంలో ఇంజిన్ డ్రెస్సింగ్, ఏసీ శుద్ధి, లోపలి పాలిష్, ఇంధనంలో కలిపే సీసా అంటూ నాలుగైదు వరుసలు చేరుతాయి. నొప్పి వాటితో వస్తుంది. యజమాని పుస్తకంలోని పట్టికలో లేని పనిని ఏడాది వయసున్న బండికి చేయించవలసిన అవసరం దాదాపు ఉండదు. జాబ్ కార్డు మీద సంతకం పెట్టే ముందు ఆ వరుసలు కొట్టించాలి; బిల్లు వచ్చాక కొట్టించడం కష్టం.

ఇంకో చిన్న ఉపాయం. కిందటేడు ఒక కంపెనీ వర్క్‌షాపుకు, పేరు వద్దు, బండి ఇచ్చే ముందు ఏసీ ఫిల్టర్ అంచు మీద నీలం మార్కర్‌తో చిన్న చుక్క పెట్టాను. సాయంత్రం బిల్లులో కొత్త ఏసీ ఫిల్టర్ ధర ఉంది. ఇంటికి వచ్చి గ్లవ్ బాక్సు దింపి చూస్తే నా నీలం చుక్క నన్నే చూస్తోంది. ఫోటో తీసి పంపిస్తే, పొరపాటు జరిగిందని మర్నాడే డబ్బు వెనక్కి వేశారు. పొరపాటే కావచ్చు. అప్పటి నుంచి నేను చుక్క పెట్టడం, ఇంటికి రాకముందే అక్కడే చూసుకోవడం మానలేదు.

వీధి మిస్త్రీ

మన మిస్త్రీలలో చాలామంది చేతిపనిలో కంపెనీ వర్క్‌షాపు కుర్రవాళ్లకు తీసిపోరు. అక్కడ మన బండి ఎవరి చేతికి వెళుతుందో తెలియదు. ఇక్కడ పని మన కళ్లముందే జరుగుతుంది, కూలి తక్కువ, గంటలో పని అయిపోతుంది, మాట మన మాట. తడబాటు మూడు చోట్ల వస్తుంది.

ఒకటి ఆయిల్. ఇప్పటి చిన్న పెట్రోలు ఇంజిన్లకు 0డబ్ల్యూ-16, 0డబ్ల్యూ-20 వంటి పలుచని ఆయిల్ కావాలి. పాత అలవాటుతో "చిక్కటిదైతే ఇంజిన్‌కు బలం" అని 20డబ్ల్యూ-40 పోసే మిస్త్రీ మంచి ఉద్దేశంతోనే పోస్తాడు, కానీ అది ఆ ఇంజిన్‌కు రాసిన మందు కాదు. డీజిలు బండ్లకు ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 కాలుష్య ప్రమాణాల డీజిలు కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. తక్కువ బూడిద మిగిల్చే ప్రత్యేకమైన ఆయిల్ పోయకపోతే అది క్రమంగా పూడుకుపోతుంది, దాన్ని మార్చడం మామూలు సర్వీసు బిల్లులతో పోల్చదగిన ఖర్చు కాదు. ఆయిల్ మనమే పుస్తకం చూసి కొనుక్కెళ్లడం, డబ్బా మన ముందే తెరిపించడం, ఖాళీ డబ్బాకు మేకుతో బొక్క పెట్టి పారేయడం మేలు. ఆ బొక్క ఎందుకంటే, మంచి కంపెనీ ఖాళీ డబ్బాలకు నకిలీ ఆయిల్ వాళ్ల దగ్గర గిరాకీ ఉంది.

రెండు, విడిభాగాలు. ఒరిజినల్, కంపెనీకి సరఫరా చేసేవారి పార్టు, డూప్లికేటు అని మూడు రకాలున్నాయి. మొదటి రెండింటిలో ఏదైనా పర్వాలేదు. మూడోది అట్టపెట్టె మీద అక్షరదోషంతో పట్టుబడుతుందని అనుకోవద్దు. ఇప్పుడు అట్టపెట్టెలు కూడా బాగానే అచ్చువేస్తున్నారు. బిల్లిచ్చే దుకాణంలో కొనడమే దానికి మందు.

మూడు, బిగింపు. ఇది నా సొంత తలనొప్పి. రెండో ఏట, తొందరలో, వేరే ఊళ్లో ఒక షెడ్డులో ఆయిల్ మార్పించాను. డ్రెయిన్ బోల్టుకు పాత వాషరే వేసి, చుక్క కారకుండా ఉండాలని పొడవు పిడి పానాతో బలమంతా పెట్టి బిగించాడు. వారానికి మా వాకిట్లో, ముగ్గు పక్కన, రూపాయి బిళ్లంత నల్లమరక. మా వీధి మిస్త్రీ కిందికి దూరి చూసి, "మాస్టారూ, మర తినేసిందండి. కొత్త వాషరేసి మామూలుగా బిగిస్తే పోయేది" అన్నాడు. ఆయిల్ పాన్ మార్పించవలసి వచ్చింది, అది నా ఖర్చే. కంపెనీవాళ్లు జాబ్ కార్డు మీద "బయటి పని" అని రాశారు, రాయడం న్యాయమే. తర్వాత ఆరు నెలలకు పవర్ విండో మోటారు చెడితే మాత్రం వారంటీ కిందే మార్చారు. ఆ నల్లమరక నేర్పింది ఇదీ: బయట చేయించిన పనికి సంబంధించిన భాగం మన మీద పడుతుంది, మిగతా బండి వారంటీ దారిన అది పోతుంది.

మిస్త్రీని ఎంచుకునేటప్పుడు నేను చూసేవి చిన్నవే. బోల్టును ముందు చేత్తో తిప్పి, మర సరిగా కూర్చున్నాకే పానా పెడుతున్నాడా. ఆయిల్ పోశాక ఇంజిన్ కాసేపు నడిపి, ఆపి, కొద్ది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ తీస్తున్నాడా. తెలియని పనిని తెలియదని చెబుతున్నాడా. మూడోది ఉన్నవాడి దగ్గర మొదటి రెండూ తప్పకుండా ఉంటాయి.

బహుళ కంపెనీల సర్వీసు కేంద్రాలు, ఇంటికి వచ్చే వ్యాను

బాష్ కార్ సర్వీస్, మైటీవీఎస్ వంటి పేర్లతో అన్ని కంపెనీల బండ్లూ చూసే కేంద్రాలు నగరాల్లో ఉన్నాయి. కంపెనీ వర్క్‌షాపుకూ మిస్త్రీకీ నడిమధ్య ఉండే దారి ఇది: లిఫ్టు, స్కానర్ ఉంటాయి, కంప్యూటర్ బిల్లు వస్తుంది, ధర కంపెనీకంటే కొంత తగ్గుతుంది. కానీ మన జిల్లాలనుంచి వాటి కోసమే నగరానికి వెళ్లేంత ప్రయోజనం కొత్త కారుకు కనిపించదు. అంత దూరం వెళ్లేటప్పుడు కంపెనీకే వెళ్లవచ్చు. వారంటీ ముగిసిన తర్వాత, అదీ ఆసుపత్రి పని మీదో పిల్లల కాలేజీ పని మీదో విశాఖలో రెండు రోజులు ఉండవలసినప్పుడు, ఇవి పనికొస్తాయి.

కొన్ని కంపెనీలు సామగ్రి ఉన్న వ్యానును చిన్న ఊళ్లకు పంపిస్తున్నాయి. ఆయిల్ మార్పు, ఫిల్టర్లు, సాధారణ తనిఖీ ఇంటి ముందే జరుగుతాయి, కంపెనీ బిల్లు వస్తుంది, వారంటీ రికార్డులోకీ ఎక్కుతుంది. అలైన్‌మెంట్, బండి కింద చేసే పెద్ద పనులు దానితో కావు. మీ ఊరికి ఆ వ్యాను వస్తుందేమో దగ్గరి వర్క్‌షాపుకు ఫోన్ చేసి అడగండి. వస్తే, ఈ వ్యాసంలో సగం మీకు అనవసరం.

| ఎక్కడ | బాగా కుదిరే పనులు | ఇబ్బంది | రోజు ఖర్చు |
|---|---|---|---|
| కొన్న డీలరు | మొదటి సర్వీసు, డెలివరీ లోపాలు, ఎక్స్‌టెండెడ్ వారంటీ | దూరం, అదనపు వరుసలు | పూర్తి రోజు |
| దగ్గరి కంపెనీ వర్క్‌షాపు, సరిహద్దు అవతలైనా | వారంటీలోని వార్షిక సర్వీసులు, స్కానర్ పనులు | అదనపు వరుసలు, ఎవరు చేశారో తెలియకపోవడం | ముప్పావు రోజు |
| కంపెనీ వ్యాను | ఆయిల్, ఫిల్టర్లు, తనిఖీ | పెద్ద పనులు కావు, తేదీ వాళ్ల ఇష్టం | గంటా రెండు గంటలు |
| బహుళ కంపెనీల కేంద్రం | వారంటీ తర్వాతి సర్వీసులు | మన ఊళ్లకు దూరం | నగరం పనితో కలిపితే తక్కువ |
| వీధి మిస్త్రీ | మధ్యలో ఫిల్టర్ శుభ్రం, బ్రేకులు చూడటం, పంక్చర్లు, వారంటీ తర్వాత ఆయిల్ మార్పు | బిల్లు, ఆయిల్ గ్రేడు, బిగింపు మన పర్యవేక్షణలో | గంట |

ఎవరికి ఏది

రోజూ పదిపదిహేను కిలోమీటర్లు మాత్రమే తిరిగే ఉద్యోగి, ఉపాధ్యాయుడు ఏడాదికోసారి, మూడేళ్లపాటు, దగ్గరి కంపెనీ వర్క్‌షాపుకు వెళ్లడమే సుఖం. ఏటా ఒక రోజు పోతుంది, అంతకుమించి ఆలోచించవలసింది లేదు. శ్రీకాకుళంలో బంధువుల ఇంటి పెళ్లికో, విజయనగరంలో డాక్టరు దగ్గరికో వెళ్లే తేదీకి సర్వీసు తేదీని కొంచెం ముందుకు జరిపి కలిపితే ఆ రోజూ మిగులుతుంది. గడువుకు ముందు చేయిస్తే నష్టం లేదు, దాటిస్తేనే ఉంది.

నెలకు మూడు వేల కిలోమీటర్లు తిరిగే వ్యాపారి లెక్క వేరు. అతనికి ఏడాదిలో మూడు సర్వీసులు వస్తాయి, లక్ష కిలోమీటర్ల హద్దు ఉంటే మూడేళ్లు నిండకముందే వారంటీ ముగుస్తుంది. అతను ఎక్స్‌టెండెడ్ వారంటీ గురించి గడువు ముగియకముందే డీలరుతో మాట్లాడాలి; అది తీసుకుంటే దాని షరతుల ప్రకారం కంపెనీ సర్వీసు కొనసాగించక తప్పదు. తీసుకోకపోతే, లక్ష దాటిన రోజు నుంచి మంచి మిస్త్రీతో స్థిరపడటం అతనికి అన్నివిధాలా లాభం, ఎందుకంటే అతని నష్టమంతా దుకాణం మూసిన రోజుల్లోనే ఉంది.

ఘాటీల్లో ఎక్కువ తిరిగేవారు బ్రేక్ ఆయిల్ విషయంలో ఎవరి మాటా వినకుండా పుస్తకంలోని గడువునే పాటించాలి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిల్, వరసగా దిగుడులో బ్రేకు వేసి వేడెక్కినప్పుడు మరిగి, పెడలు మెత్తబడుతుంది. ఆయిల్ పాతదో కాదో రంగు చూసి చెప్పే మిస్త్రీకంటే, తేమ కొలిచే పరికరంతో చూసే వర్క్‌షాపు ఈ ఒక్క పనికి మేలు.

పిల్లలు వేరే ఊళ్లో ఉండి, ఇంట్లో పెద్దవాళ్లే కారు చూసుకునే కుటుంబాలకు నేను ధర కంటే మాటకు ఎక్కువ విలువ ఇవ్వమంటాను. తెలుగులో మాట్లాడే అడ్వైజర్ ఉన్నచోటు, అది సరిహద్దుకు ఏవైపు ఉన్నా సరే, ఎంచుకోండి. బరంపురంలో కూడా తెలుగు మాట్లాడే సిబ్బంది దొరుకుతారు. ఫోన్ చేసినప్పుడే అలాంటి వ్యక్తిని అడిగి ఆ పేరుతో తేదీ తీసుకుంటే సరిపోతుంది. వెళ్లేముందు పిల్లలు ఫిర్యాదులను ఒక కాగితం మీద రాసి పెడితే ఇంకా మంచిది.

విద్యుత్ కారు ఉన్నవారికి ఈ సందిగ్ధం చాలావరకు లేదు. ఆయిల్ మార్పు లేదు, మిగిలినవి టైర్లు, బ్రేకులు, కూలెంటు, ఏసీ. బ్యాటరీ జోలికి కంపెనీ తప్ప ఎవరూ వెళ్లకూడదు. కంపెనీ అమర్చిన సీఎన్‌జీ ఉన్నవారు మూడేళ్లకోసారి సిలిండర్ పరీక్ష చేయించాలన్న సంగతి గుర్తుంచుకుంటే చాలు.

గొడవ వస్తే

అవతలి రాష్ట్రంలో చేయిస్తే, ఏదైనా తేడా వచ్చినప్పుడు ఎవరిని పట్టుకుంటామన్న భయం చాలామందికి ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చాక ఆ భయానికి ఆధారం తగ్గింది. ఫిర్యాదుదారు నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చని ఆ చట్టం చెబుతోంది. శ్రీకాకుళం వర్క్‌షాపు మీద ఫిర్యాదుకు శ్రీకాకుళం తిరగనక్కర్లేదు. అంతకంటే ముందు, వర్క్‌షాపు మేనేజరుకు, ఆ తర్వాత కంపెనీ కస్టమర్ కేర్‌కు రాతపూర్వకంగా చెప్పాలి. అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఈ మెట్లలో ఏది ఎక్కాలన్నా పైన చెప్పిన కాగితమే కావాలి. అందుకే మిస్త్రీ దగ్గర కూడా ఒక చిన్న నోటుపుస్తకంలో తేదీ, కిలోమీటర్లు, వేసిన పార్టులు రాయించి సంతకం పెట్టించుకుంటాను. మొదట్లో మా మిస్త్రీ నవ్వాడు. ఇప్పుడు వేరే బండ్లవాళ్లను కూడా పుస్తకం తెచ్చుకోమంటున్నాడు.

మా కారు ఇప్పుడు 29 వేల కిలోమీటర్లకు చేరువలో ఉంది, మూడేళ్ల వారంటీ మరో రెండు నెలల్లో ముగుస్తుంది. 30 వేల సర్వీసును శ్రీకాకుళంలోనే, గడువుకు కనీసం మూడు వారాలు ముందుగా చేయిస్తున్నాను. ఎడమ ముందు చక్రం దగ్గర గోతుల్లో వచ్చే చప్పుడు, వెనక డోరు రబ్బరు దగ్గర వానకు దిగే తడి, చల్లటి ఉదయాల్లో మొదటి గేరు పడేటప్పుడు తగిలే గట్టితనం, ఈ మూడూ జాబ్ కార్డు మీద తేదీతో సహా రాయించాలి. అప్పుడు మరమ్మతు గడువు దాటాక జరిగినా, ఫిర్యాదు గడువులోపల నమోదైనట్టు ఉంటుంది. ఆ తర్వాతి ఆయిల్ మార్పుకు మా మిస్త్రీకి ఇప్పుడే చెప్పి ఉంచాను. కొత్త వాషర్ నేనే తెస్తానన్నాను.